చేప ఇష్టపడి కరిచిందా?

కాలిఫోర్నియాలో గాలం వేసి చేపను పట్టాలంటే ముందు చేప ఇష్టపడాలి. వేళాకోళం కాదు. ఆ రాష్ట్ర నిబంధనల్లో, టైటిల్ 14 సెక్షన్ 1.05లో, గాలం వేయడమంటే ఏమిటో రాసి పెట్టారు. దారం చేత్తో పట్టుకున్నా సరే, కర్రకు కట్టి పక్కనే కనిపెట్టుకుని కూర్చున్నా సరే, చేప మాత్రం స్వచ్ఛందంగా ఎరను నోట్లోకి తీసుకోవాలి. స్వచ్ఛందంగా! పెళ్ళిచూపుల్లో "నీకిష్టమేనా" అని అమ్మాయిని అడగడం మన ఇళ్ళల్లో మొదలై ఎన్నాళ్ళో కాలేదు. అక్కడ చేపకు ఆ హక్కు రాతపూర్వకంగా ఉంది.

కొక్కెం తోకకో, పొట్టకో, వీపు మీది రెక్కకో గుచ్చుకుంటే ఆ చేప ఒప్పుకోనట్టు లెక్క. మీరు చెమటలు కక్కుతూ ఎంతసేపు లాగినా, అది ఎంత లావుదైనా, వెంటనే నీళ్ళల్లో వదిలేయాలి. నోటి లోపల గుచ్చుకుంటే సమ్మతి, నోటి బయట గుచ్చుకుంటే దౌర్జన్యం. సాల్మన్ చేపలు నదుల్లోకి ఎదురెక్కే రోజుల్లో ఒడ్డున జరిగే వాదనలన్నీ ఈ దవడ తోలు దగ్గరే. ఒకాయన చేప నోరు వేళ్ళతో పెగలదీసి సెల్‌ఫోన్ లైటు వేస్తాడు. "చూడు, కొన లోపలే ఉంది" అంటాడు. రెండో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, "కొన ఎక్కడుందని కాదు, ఎటునుంచి దిగిందో చూడాలి" అంటాడు. మధ్యలో చేప మొప్పలు ఎగరేస్తూ ఉంటుంది. అసలు సాక్షి అదొక్కటే. నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రాదు.

చదివి నవ్వుకునేవాళ్ళు ఉంటారు. నేను నవ్వను. చట్టంలో ఏ నిర్వచనం కనబడినా దాని వెనక ఒక అతి తెలివి మనిషి నిలబడి ఉంటాడన్నది నా గట్టి నమ్మకం. సాల్మన్లు గుంపులుగా వచ్చే చోట ఎరా గిరా లేకుండా పెద్ద కొక్కేలు విసిరి, గుంపు మధ్యలోంచి దారాన్ని గట్టిగా గుంజితే ఏదో ఒక చేపకు ఎక్కడో ఒకచోట దిగుతుంది. దీన్ని స్నాగింగ్ అంటారు, నేరం. పట్టుబడినవాడు ఏమంటాడు? "నేను గాలమే వేశానండీ, అదే వచ్చి గుచ్చుకుంది" అంటాడు. ఈ సమాధానం విని విని విసిగిపోయిన ఆఫీసరే 'స్వచ్ఛందంగా' అన్న మాట అక్కడ చేర్పించి ఉంటాడు. నిర్వచనం రాసేది గుమాస్తా, రాయించేది ఆ అతి తెలివి మనిషి.

పియర్, అంటే ఒడ్డు నుంచి నీళ్ళల్లోకి కట్టిన పొడుగాటి వంతెన, దాని సంగతే చూడండి. పదహారేళ్ళు నిండినవాళ్ళు ఆ రాష్ట్రంలో చేపలు పట్టాలంటే లైసెన్సు కావాలి. సముద్రం మీద ప్రజల కోసం కట్టిన పియర్ మీదైతే అక్కర్లేదు. అందుకే శనివారం పూట శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి పసిఫికా ఊరి పియర్ మీద మనవాళ్ళు పులిహోర డబ్బాలతో, మడత కుర్చీలతో కనబడుతుంటారు. ఇంత చిన్న వెసులుబాటుకు నిర్వచనం ఎంత పొడుగో! పియర్ మనిషి కట్టినదై ఉండాలి. ప్రజల ఆస్తి అయి ఉండాలి. పోటు నీరు సగటున చేరే ఎత్తుకు పైన నేలతో కలిసి ఉండాలి. ఎవరైనా పైసా ఇవ్వకుండా, అడ్డు లేకుండా రాగలగాలి. పైగా దాని ముఖ్యమైన పని జనం గాలాలు వేసుకోవడమే అయి ఉండాలి. ఒక్కో షరతు దగ్గర ఆగి ఆలోచించండి, ఒక్కో మొహం కళ్ళకు కడుతుంది. ఇంటి వెనక నీళ్ళల్లోకి రెండు చెక్కలు దించి "ఇదీ పియరే" అన్నవాడు ఒకడు. పెద్ద బండరాయెక్కి కూర్చుని "ఇది దేవుడు కట్టిన పియర్" అన్నవాడు ఇంకొకడు. మనిషికి రెండు గాలాలకు మించి వేయకూడదన్న నియమం కూడా పియర్ మీద ఉంది. ఆరు గాలాలు వరసగా నిలబెట్టి "ఇవి మా బాబాయి పిల్లలవి, ఇప్పుడే బాత్రూముకు వెళ్ళారు" అన్న మహానుభావుడు ఏ దేశంవాడో నేను చెప్పను.

ఇక చేప. చేపంటే ఏమిటో మనకు తెలుసు. మొప్పలు, పొలుసులు, పులుసు. పల్లెకారులకు ఇది చాలు గానీ శాసనసభకు చాలదు. కాలిఫోర్నియా ఫిష్ అండ్ గేమ్ కోడ్ సెక్షన్ 45 ప్రకారం చేప అంటే చేప, గుల్లలూ నత్తలూ, పీతలూ రొయ్యలూ, వెన్నెముక లేని జీవి, కప్పల్లాంటి ఉభయచరం, వీటిలో దేని ముక్కైనా, దేని గుడ్డైనా. కప్ప చేప. కప్ప గుడ్డూ చేపే. కప్పలు కోర్టుకెక్కవు కాబట్టి చాలా ఏళ్ళు గొడవ లేకుండా గడిచింది.

2018లో కొన్ని పర్యావరణ సంస్థలు నాలుగు రకాల బంబుల్‌బీలను, అంటే ఒళ్ళంతా నూగుండే లావుపాటి తేనెటీగలను, అంతరించిపోతున్న జాతుల చట్టం కింద కాపాడమని అర్జీ పెట్టాయి. ఆ చట్టం కాపాడే జాబితాలో పక్షులున్నాయి, క్షీరదాలున్నాయి, చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, మొక్కలు కూడా ఉన్నాయి. పురుగులు లేవు. కుదరదంటూ బాదం రైతుల సంఘం, ఇంకొన్ని రైతు సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. బాదం పూత కాయగా మారాలంటే ఈగ వాలాలి. అందుకే ఫిబ్రవరి వచ్చిందంటే ఈ రైతులే తేనెటీగల పెట్టెలను లారీలకెత్తించి అద్దెకు తెప్పించుకుంటారు. అద్దె ఈగ ముద్దు, అడవి ఈగ వద్దు.

2020లో కింది కోర్టు రైతుల మాటే సరైనదంది. 2022 మే 31న అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. సెక్షన్ 45లో 'వెన్నెముక లేని జీవి' అని ఉంది, నీళ్ళల్లోనే ఉండాలని లేదు, నేల మీద పాకే ఒక నత్తను ఇదివరకే ఈ చట్టం కింద చేర్చారు కూడా, కాబట్టి ఆ చట్టం మేరకు తేనెటీగ చేప కిందికి వస్తుందని తేల్చింది. ఆ సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ కేసు చేపట్టనంది. ప్రధాన న్యాయమూర్తి విడిగా నాలుగు ముక్కలు రాస్తూ, కావాలంటే శాసనసభే చట్టాన్ని స్పష్టం చేసుకోవచ్చన్నారు. పెద్ద కోర్టులు ఇలాంటప్పుడు ఎంత మర్యాదగా తప్పుకుంటాయో చూసి నేర్చుకోవాలి.

ఈ తీర్పు చదివాక నాకు మన ఏడు చేపల కథ మీద అనుమానాలు పుట్టాయి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. అసలు వేటకు వెళ్ళి చేపలు తేవడమేమిటి? బాణంతో కొట్టి ఉంటే అది గాలం సెక్షన్ కిందికి రాదు, దానికి వేరే సెక్షన్ ఉంది. గాలమే అనుకున్నా, చేప ఇష్టపడి కరిచిందనడానికి రుజువేదీ? ఎండిన ఆరింటినీ 'కూర అయిపోయినట్టే' అని లెక్కలోంచి తీసేయడానికీ వీల్లేదు. మనిషి దగ్గర ఉండదగ్గ చేపల పరిమితి లెక్కపెట్టేటప్పుడు పచ్చిదైనా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినదైనా, మరోలా నిలవచేసినదైనా ఒకటేనని సెక్షన్ 1.17 చెబుతోంది. డీప్ ఫ్రీజర్ నింపుకుని "అవి పాతవండీ" అన్నవాడు రాయించిన వాక్యమిది. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర వచ్చే చీమ. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న ఆ చీమకు వెన్నెముక లేదు. అప్పీలు కోర్టు లెక్కలో ఏడు చేపల కథలో చేపలు ఎనిమిది. ఎనిమిదోది కుడుతుంది కూడా.

మన దేశంలో ఇంత శ్రమ పడలేదు. 1897 నాటి భారత మత్స్య చట్టం చేపంటే గుల్ల జాతి కూడా అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఏట్లో తోటా పేల్చి చేపలు చంపితే రెండు నెలల దాకా జైలు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా అని రాసి చేతులు దులుపుకుంది. అప్పట్లో రెండు వందలంటే చిన్న విషయం కాదు. అది రాసిన దొరల సొంత దేశంలో 1986 సాల్మన్ చట్టం ఇంకో మెట్టు పైకెక్కింది. అనుమానాస్పద పరిస్థితుల్లో సాల్మన్‌ను చేతబట్టడం అక్కడ నేరం. దొంగచేపని తెలిసీ, లేదా తెలియాల్సి ఉండీ పుచ్చుకోవడమని దాని భావం. నాకైతే చీకట్లో కోటు లోపల చేప దాచుకుని, అటూ ఇటూ చూస్తూ నడిచిపోయే మనిషే కళ్ళముందు మెదులుతాడు.

ఇన్ని నిర్వచనాల్లో నాకు మనసుకు హత్తుకున్నది మాత్రం కాలిఫోర్నియా కోడ్ సెక్షన్ 86. పట్టడం అంటే వేటాడటం, వెంటపడటం, పట్టుకోవడం, చంపడం, లేదా వీటికి ప్రయత్నించడం. ప్రయత్నిస్తే చాలు, పట్టినట్టే! తనిఖీకొచ్చే వార్డెన్‌ను చూడగానే బుట్ట నీళ్ళల్లో బోర్లించి "నా దగ్గర చేపలెక్కడివండీ" అనేవాళ్ళ కోసం రాసిన మాట ఇది. పొద్దంతా ఉప్పుగాలి తిని, ఎర మొత్తం పీతలకు సమర్పించుకుని, ఖాళీ చేతులతో ఇల్లు చేరే నాబోటి వాళ్ళకు ఇంతకన్నా గౌరవం ఏ ప్రభుత్వం ఇచ్చింది?

మొన్న ఆదివారం పియర్ నుంచి వచ్చి ఈ సెక్షన్ మా ఆవిడకు చదివి, అర్థం చెప్పి, చట్టం దృష్టిలో నేను చేపలు పట్టినట్టేనని నిరూపించాను. ఆవిడ నానబెట్టిన చింతపండు గిన్నె మీద మూత పెట్టి, స్టవ్ కట్టేసింది.

"మీరు పట్టినట్టే, నేను వండినట్టే. తిన్నట్టే అనుకుని వెళ్ళి పడుకోండి."