గొడ్డు మొరాయిస్తే ముందు దారిని చూడండి

కబేళా దారిలో పశువు అడుగు వేయనంటే షాకిచ్చే కరెంటు కర్ర తీస్తారు. అప్పటికీ కదలకపోతే మొండి గొడ్డని తిడతారు. నిజానికి ఆ మొండితనం చాలాసార్లు కట్టడంలోనే ఉంటుంది. పశువుల ప్రవర్తనను పరిశోధించే అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది ఇదే. పశువులను నడిపించడానికి ఆమె గీసిన వంపు దారులను అందరూ కాపీ కొట్టారు, అసలు సంగతి మాత్రం వదిలేశారు.

ముందు మనిషి ఆ దారిలోకి దిగి, గొడ్డు కంటి ఎత్తుకు వంగి నడవాలి. గేటుకు ఊగుతున్న గొలుసు, కంచె మీద ఆరేసిన చొక్కా, తడి నేల మీద లైటు మెరుపు, ముఖానికి కొట్టే గాలి: ఆగిపోవడానికి వీటిలో ఒక్కటి చాలు. వెలుతురులోంచి చీకట్లోకి పశువు రాదు. లోపల లైటు కావాలి, అది కళ్లలోకి కొట్టకూడదు. మొదట్లోనే దారిని మరీ వంచేస్తే ముందు దారి మూసేసినట్టు కనిపిస్తుంది. కనీసం రెండు గొడ్ల పొడవు కనబడాలి. ర్యాంపు వాలు 20 డిగ్రీలు దాటకూడదు. ఇక నేల. కాలు జారిందంటే ఎంత సాధుజంతువైనా బెదురుతుంది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే 20 సెంటీమీటర్ల డైమండ్ గళ్లుగా, 2.5 సెంటీమీటర్ల లోతున గాడులు కొట్టాలి. గొడ్లు ఒక్కొక్కటిగా వెళ్లే సన్నదారికి ముందున్న దొడ్డిని సగమే నింపాలి, తిరగడానికి చోటుండాలిగా! కిక్కిరిసేలా తోసి బెదరగొడితే మళ్లీ కుదుటపడడానికి 20-30 నిమిషాలు పడుతుంది. తొందరపడి మిగుల్చుకున్నదేముంది?

పనివాళ్లకు శిక్షణ ఇస్తే చాలంటారు కొందరు. శిక్షణ కావాల్సిందే. గొడ్డు ముందుకు కదలాలంటే మనిషి దాని పక్కగా, తల వైపు నుంచి భుజం దాటి తోక వైపు నడవాలన్నది నేర్పితేనే వస్తుంది. కానీ జారే నేలకు శిక్షణ ఇవ్వలేం కదా.

ఖర్చు సాకు కూడా నిలవదు. 1999లో మెక్‌డొనాల్డ్స్ తనకు మాంసం అమ్మే కబేళాల్లో గ్రాండిన్ లెక్కలు అమలుచేసింది: నూటికి ఎన్ని పశువులు అరిచాయి, ఎన్ని పడ్డాయి, ఎన్నింటికి కరెంటు తగిలింది. పడినవి ఒకటి, అరిచినవి మూడు దాటితే కబేళా పరీక్ష తప్పినట్టే. ఆమె చెప్పేదాని ప్రకారం 75 కబేళాల్లో ఖరీదైన మార్పులు అవసరమైనవి మూడే. మిగతావి లైట్లు, రేకులు, గరుకు నేలలతో సర్దుకున్నాయి.

అయినా కరెంటు కర్ర చేతిలో ఉంటోందంటే కారణం కూలి లెక్క. తలకింత అని కూలి కట్టి, గంటకిన్ని దాటించాలని పైనుంచి తరుముతారు. గొడ్డు పడితే మాత్రం కూలీదే తప్పు. ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో ప్రమాదం జరిగినా ఇదే వరస. పడ్డ పశువుల లెక్కను గంట టార్గెట్ పెట్టిన మేనేజరు బోనస్‌కు ముడిపెట్టండి, గేటు గొలుసు సాయంత్రంలోగా ఊడుతుంది.