గ్రాడ్యుయేట్ల పేజీలో బడి ఏదీ?

ఏటా జూన్ సంచికలో అమెరికాలోని మన తెలుగు సంఘం పత్రిక హైస్కూలు పూర్తి చేసిన పిల్లల ఫొటోలు వేస్తుంది. గౌను, నలుపలకల టోపీ, నవ్వు మొహం. కింద పేరు, స్కూలు, జీపీఏ అనే మార్కుల సగటు, కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్ఏటీ పరీక్ష స్కోరు, చేరబోయే యూనివర్సిటీ. ఆ వివరాలు సేకరించే వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని. ఆ పేజీ అంటే నాకు ఇష్టం. మన పిల్లల్ని మనం మెచ్చుకోకపోతే ఇంకెవరు మెచ్చుకుంటారు? కానీ ఆ ఫారం మార్చాలని ఇప్పుడు గట్టిగా అడుగుతున్నాను. కిండర్‌గార్టెన్ నుంచి సీనియర్ ఇయర్ అనే పన్నెండో తరగతి దాకా వాళ్లు గడిపిన బడి అందులో ఎక్కడా లేదు.

ఒక్కసారి లెక్క చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బడి ఏడాదికి సుమారు 180 రోజులు. 13 ఏళ్లకు 2,300 పైచిలుకు. కంప్యూటర్ మీద రాసే ఇప్పటి ఎస్ఏటీ 2 గంటల 14 నిమిషాల్లో అయిపోతుంది. ఆ రెండు గంటల ఫలితాన్ని అచ్చేసి, రెండు వేల రోజుల్ని వదిలేస్తున్నాం.

ఈ ఏడాది బయటికొస్తున్న 2026 బ్యాచ్‌నే తీసుకోండి. 2013లో వీపు కన్నా పెద్ద బ్యాగు తగిలించుకుని పసుపు బస్సెక్కిన పిల్లలు వీళ్లు. మధ్యాహ్నం స్టాపు దగ్గర పెద్దవాళ్లు కనిపించకపోతే కిండర్‌గార్టెన్ పిల్లల్ని చాలాచోట్ల డ్రైవరు దింపరు. అందుకని మీటింగు మధ్యలో లేచి పరుగెత్తిన అమ్మానాన్నలూ, ఆరు నెలలకని వచ్చి మనవరాలి కోసం చలిలో కాచుకుని నిలబడిన తాతయ్యలూ మనలో ఎందరో ఉన్నారు. బడి తెరిచిన వందో రోజుకని రాత్రి పదింటికి అట్టముక్క మీద వంద రాజ్మా గింజలు లెక్కపెట్టి అతికించాం. ఫిబ్రవరి వచ్చిందంటే క్లాసులో ఏ ఒక్కరినీ వదలకుండా అందరి పేర్లతో వాలెంటైన్ కార్డులు రాయించాం.

ఆరో తరగతికొచ్చి, మిడిల్ స్కూల్లో లాకర్ తాళం తిప్పడం అలవాటవుతుండగా 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. ఏడో తరగతి చాలామందికి పడగ్గదిలోనే మొదలైంది. కొత్త స్నేహాలు కుదరాల్సిన వయసులో తోటి పిల్లల మొహాలు తెర మీద చిన్న చిన్న గళ్లలో చూశారు. కొందరు కెమెరా ఆపేసి మాట్లాడటమే మానేశారు. మళ్లీ మనుషుల మధ్య కూర్చోవడం నేర్చుకుని, పన్నెండు దాకా వచ్చారు. వాళ్ల గురించి మనకు తెలియాల్సింది జీపీఏ ఒక్కటేనా?

మన సంగతి చూద్దాం. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు లేని ఫోను మనలో ఎవరిదైనా ఉందా? సంక్రాంతికి ఊరెళితే ఆత్మీయ సమ్మేళనం అంటారు. పాత మాస్టార్లకు శాలువాలు కప్పి, ఆ బెంచీల మీదే ఇరుక్కుని కూర్చుని ఫొటోలు దిగుతారు. అక్కడ లెక్కల్లో ఎన్ని వచ్చాయని ఎవరూ ఎవరినీ అడగరు. గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క, ఇంటర్వెల్లో గేటు దగ్గర ఉప్పూకారం చల్లి ఇచ్చిన మామిడికాయ ముక్కలు, హోంవర్కు చేయనివాణ్ణి వెనకేసుకొచ్చిన తెలుగు టీచరు. ఇవే కబుర్లు. పదితో ఆ జట్టు చెదిరింది. ఇంటర్ అంటూ తలో ఊరు, తలో హాస్టలు, ఆపైన ఎంసెట్. ఇక్కడి పిల్లలకు పన్నెండు దాకా బడే. ఇల్లు మారకపోతే, అయిదేళ్లప్పుడు పక్కన కూర్చున్న పిల్లే పద్దెనిమిదేళ్లకు పక్కన గౌనేసుకుని నడుస్తుంది. ఇంత పొడుగు స్నేహం మనలో చాలామందికి దక్కలేదు. పదికి పది రేటింగు ఉన్న హైస్కూలు కోసం తొమ్మిదో తరగతిలో ఇల్లు మారాలనుకునేవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా మనవి.

కిందటేడు వివరాల కోసం వెళ్లిన ఇంట్లో ఫారం నింపడం అయ్యాక, "బడి గురించి నీకు బాగా గుర్తున్నది ఏంటి నాన్నా?" అని అబ్బాయిని అడిగాను. కాసేపు ఆలోచించాడు. నాలుగో తరగతిలో లంచ్ తింటూ పళ్ల క్లిప్పు తీసి ట్రేలో పెట్టాడట. ఆ ట్రేని అలాగే చెత్తడబ్బాలో బోర్లించేశాడు. క్లాసుకి వెళ్లాక తెలిసి ఏడుపు. స్కూలు శుభ్రం చేసే కస్టోడియన్ గ్లవ్స్ వేసుకుని, చెత్తసంచులు నేల మీద కుమ్మరించి, పాలడబ్బాలూ సగం తిన్న పిజ్జా ముక్కలూ ఒక్కొక్కటే పక్కకు తీసి వెతికిచ్చాడు. కడిగి, పేపర్ టవల్‌లో చుట్టి మరీ ఇచ్చాడు. సీనియర్లను గౌన్లతో పాత ఎలిమెంటరీ స్కూలుకు నడిపించే రోజు ఒకటుంటుంది కదా, ఆ రోజు వరండాలో చప్పట్లు కొడుతున్నవాళ్లలో ఈ అబ్బాయి ముందు ఆయన కోసమే వెతికాడట. "నాకెప్పుడూ చెప్పలేదేంట్రా?" అంది వాళ్లమ్మ. "క్లిప్పు ఖరీదు తలుచుకుని తిడతావనమ్మా" అన్నాడు. ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం. పేజీలో మాత్రం అతని పేరు కింద జీపీఏ, ఎస్ఏటీ అచ్చయ్యాయి.

ఆ ఫారంలో పట్టని బరువులూ ఉన్నాయి. అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్4 వీసాతో పెరిగిన పిల్లలకు పదకొండో తరగతిలోనే తేడా తెలిసిపోతుంది. స్నేహితులు ఐస్‌క్రీమ్ షాపులో ఎండాకాలం ఉద్యోగం చేస్తారు, వీళ్లకు పని చేసే అనుమతి ఉండదు. పన్నెండో తరగతిలో స్నేహితులు కాలేజీ ఖర్చులకు ప్రభుత్వ సాయం కోరే ఫాఫ్సా దరఖాస్తు నింపుతుంటే, ఫెడరల్ సాయం వీళ్లకు వర్తించదు. తల్లిదండ్రులు ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నా 21 నిండితే ఆ వీసా ఆగిపోతుంది. ఆ టెన్షన్ మనసులో పెట్టుకుని వ్యాసాలు రాసి, అప్లికేషన్లు పంపి, క్లాసులు ఎగ్గొట్టకుండా వెళ్లిన పిల్లల ఓర్పు ఏ స్కోరులో కనిపిస్తుంది?

ఇంకో మాట, ఇది నన్ను బాగా బాధించేది. పెద్ద యూనివర్సిటీకి కాకుండా ఊళ్లోని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీకి వెళ్లే పిల్లల ఇళ్ల నుంచి మనకు ఫారాలు రావు. ఫోన్ చేస్తే "ఈసారికి వద్దులెండి" అంటారు. పదమూడేళ్లూ అదే బస్సెక్కి, అదే కెఫెటేరియాలో తిని, మన ఉగాది నాటికల్లో వేషాలు వేసిన పిల్లలు వాళ్లు. మన పేజీ చూసి తమకు చోటు లేదనుకున్నారు. అంకెలు చూస్తే చిన్న పిల్లలకు స్ఫూర్తి కలుగుతుందని కొందరు పెద్దలు నాతో అన్నారు. ఏడో తరగతి పిల్ల ఆ పేజీ చదివి, తన మార్కులతో పోల్చుకుని దిగులుపడటం కూడా నేను చూశాను. కష్టపడి తెచ్చుకున్న స్కోరు చెప్పుకోవద్దని నేననడం లేదు. ఇంట్లో పండగ చేసుకోండి, బంధువులకు ఫోన్లు చేయండి. సంఘం పేజీకి మాత్రం అది ప్రవేశ రుసుము కాకూడదు.

అంకెల గళ్లు తీసేసి మూడు ప్రశ్నలు పెడదాం. నీకు మేలు చేసిన పెద్దవాళ్లెవరు? ఇన్నేళ్లలో విడిచిపెట్టలేని స్నేహితులెవరు? ఏ రోజు గుర్తుంది? జవాబు ఇంగ్లిష్‌లో రాసినా సరే. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలోనో, ఊళ్లో సంఘాలు నడిపే తెలుగు బళ్లలోనో శనాదివారాలు గుణింతాలు దిద్దినవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. వాళ్లు తెలుగులో రాసిస్తే ఆ చేతిరాతనే వేద్దాం, తప్పులు దిద్దకుండా.

ఫారాలు ఏప్రిల్‌లో ఇళ్లకు వెళతాయి. మార్చి కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. ఇంట్లో సీనియర్ ఉన్నవాళ్లు ఆ రోజు తప్పకుండా రండి, పిల్లల్నీ వెంటబెట్టుకు రండి. ఏ ప్రశ్నలు అడగాలో వాళ్లనే చెప్పనిద్దాం.