బొమ్మ ముందు నిలబడి రాసినవాళ్లే

ఫ్రెంచి తత్వవేత్తలు కళ గురించి రాసినదంతా మాటల గారడీ అని చెప్పే సందేశం ఒకటి కొంతకాలంగా తిరుగుతోంది. వాళ్లు బొమ్మలను చూడనే లేదట. సోకల్ అనే శాస్త్రవేత్త వాళ్ల బండారం బయటపెట్టాడట. కళను కరపత్రంగా మార్చారట. వాళ్ల రాతల్లో మనసుకు చోటే లేదట. సాహిత్యం బాగా చదివే మిత్రులు కూడా దీన్ని పంచుకుంటుంటే బాధేసింది. ఏళ్ల తరబడి ఈ పుస్తకాలతో గడిపిన పాఠకుడిగా ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది.

"బొమ్మలను చూడకుండానే రాశారు."

అన్నిటికంటే అన్యాయమైన మాట ఇది. ఫ్లోరెన్సులోని సాన్ మార్కో మఠంలో సన్యాసుల గదులను ఆనుకుని ఒక నడవా ఉంది. పదిహేనో శతాబ్దంలో ఫ్రా ఆంజెలికో దాని గోడ మీద మేరీమాతను, బాలయేసును, ఇరుపక్కలా పునీతులను చిత్రించాడు. ఆ బొమ్మ కింద చలువరాతి పలకల్లా కనిపించే నాలుగు భాగాలున్నాయి. దగ్గరికి వెళ్తే అది రాయి కాదు, రంగే. కుంచెతో దిద్దినట్టు కాకుండా, దూరం నుంచి చిలకరించినట్టు చుక్కలు చుక్కలుగా పడిన రంగు. కళాచరిత్రకారులు ఆ గోడ గురించి రాసినప్పుడు దాదాపుగా పై భాగాన్నే పట్టించుకున్నారు. కింది భాగం వాళ్లకు అలంకారం మాత్రమే.

ఫ్రెంచి తత్వవేత్త, కళాచరిత్రకారుడు జ్యోర్జ్ దీది-హ్యూబెర్మాన్ ఆ చుక్కల దగ్గరే ఆగిపోయాడు. పునీతుల వస్త్రాల మడతలను అంత ఓపికగా దిద్దిన చేయి ఇక్కడ రంగు ఎందుకు చిలకరించింది? 1990లో వచ్చిన ఆయన పుస్తకం ఈ ప్రశ్న వెంటే నడుస్తుంది. దైవానికి రూపం ఇవ్వలేం కాబట్టి, దేన్నీ పోలని గుర్తే దానికి తగినదన్న పాత క్రైస్తవ ఆలోచన దాకా వెళ్తుంది. ఆయన చెప్పిన అర్థంతో మీరు ఏకీభవించకపోవచ్చు. కానీ అందరూ దాటుకుంటూ పోయిన చోట ఆయన ఆగాడు.

తత్వవేత్త ఫూకో సంగతీ అంతే. 1966 నాటి ఆయన పుస్తకంలో మొదటి అధ్యాయం మొత్తం స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1656లో వేసిన ఒక్క చిత్రం గురించే. అది సిద్ధాంతంతో మొదలవదు. చిత్రకారుడు కాన్వాసుకు కాస్త వెనక్కి జరిగి నిలబడ్డాడు అన్న వర్ణనతో మొదలవుతుంది. వెనక గోడ మీది అద్దంలో కనిపించేది స్పెయిన్ రాజు, రాణి అని చెప్పేసి ముగించవచ్చు. ఫూకో మాత్రం ఆ పేర్లు తెలియనట్టే నటించాలంటాడు. పేరు పెట్టేస్తే కన్ను పని మానేస్తుందని ఆయన భయం అనుకుంటాను. అద్దంలోనిది బొమ్మకు బయట నిలబడ్డ రాజదంపతుల ప్రతిబింబమా, కాన్వాసు మీద వాళ్ల బొమ్మకు ప్రతిబింబమా అని తర్వాతి పండితులు ఆయనతో గట్టిగానే వాదించారు. చిత్రంలో ఏముందన్నదాని మీదే ఆ వాదమంతా.

"సోకల్ అంతా బూటకమని తేల్చేశాడు."

1996లో అలన్ సోకల్ పంపిన బూటకపు వ్యాసాన్ని అచ్చువేసింది ఒక అమెరికన్ పత్రిక. మరుసటి ఏడాది జాన్ బ్రిక్‌మాంట్‌తో కలిసి ఆయన తెచ్చిన పుస్తకం ప్రధానంగా ఎత్తిచూపింది గణిత, భౌతికశాస్త్ర పదాల దుర్వినియోగాన్ని. మనోవిశ్లేషకుడు లకాన్ మీద, తత్వవేత్త దెలూజ్ మీద అందులో ఉన్న విమర్శలు కొన్ని న్యాయమైనవే. ఫూకో మీద మాత్రం అందులో అధ్యాయమే లేదు. చిత్రకళ మీది రాతలు ఆ పుస్తకం విషయమే కాదు.

"వాళ్లకు కళాలోకంతో సంబంధం లేదు."

1985లో పారిస్‌లోని పాంపిదూ కేంద్రంలో జరిగిన పెద్ద ప్రదర్శన రూపకర్తల్లో తత్వవేత్త లియోతార్ ఒకడు. 1990లో లూవ్ర్ మ్యూజియం తత్వవేత్త దెరిదాను పిలిచి, మ్యూజియంలోని చిత్రాల్లోంచి ఎంచి ప్రదర్శన కూర్చమంది. ఆయన అంధుల బొమ్మలను ఎంచుకున్నాడు. అంతకుముందే ముఖానికి పక్షవాతం వచ్చి, ఎడమ కంటి రెప్ప వాలక ఆయన బాధపడ్డాడు. ఆ సంగతి తనే రాశాడు.

"కళను రాజకీయ కరపత్రం చేశారు."

తత్వవేత్త రాన్సియేర్‌ను చదివినవారు ఈ మాట అనరు. పందొమ్మిదో శతాబ్దపు కార్మికుల కాగితాలు తిరగేస్తూ ఆయన గాబ్రియేల్ గోనీ అనే వడ్రంగి రాతల దగ్గర ఆగాడు. ఎవరి ఇంట్లోనో చెక్క నేల పరుస్తున్న పనివాడు. కిటికీ తోటవైపు తెరుచుకుని ఉంటే కాసేపు చేతులు ఆపి, ఆ దృశ్యాన్ని పొరుగు ఇళ్ల యజమానుల కంటే ఎక్కువగా అనుభవిస్తాడు. ఇందులో నినాదం లేదు. కూలి చేసేవాడికి అందం చూసే తీరిక ఉండదన్న ఏర్పాటును ఆ చూపు కాదంటోంది. రాన్సియేర్‌కు కళలోని రాజకీయం అక్కడుంది. బొమ్మ చూడగానే జనం మేల్కొని వీధిలోకి వస్తారన్న నమ్మకాన్ని ఆయనే పదేపదే ప్రశ్నించాడు.

"మనసు లేని రాతలు."

ఫ్రెంచి విమర్శకుడు బార్త్ తల్లి 1977లో చనిపోయింది. ఆమె ఫోటోలను ఒక్కొక్కటే చూస్తూ, ఏ ఒక్కదానిలోనూ ఆమె దొరకక వెతుకుతూ పోయాడు. చివరికి 1898 నాటి పాత ఫోటో ఒకటి దొరికింది. అద్దాల తోటగృహంలో చిన్న చెక్క వంతెన చివర ఏడేళ్ల అన్నతో నిలబడ్డ ఐదేళ్ల పిల్ల. ఒక చేతి వేలిని మరో చేత్తో పట్టుకుని ఉంది. 1980లో వచ్చిన ఆయన పుస్తకంలో రెండో సగమంతా ఈ ఫోటో చుట్టూనే తిరుగుతుంది. ఎందరో ఫోటోగ్రాఫర్ల చిత్రాలు అందులో అచ్చయ్యాయి. దీన్ని మాత్రం ఆయన అచ్చువేయలేదు. మీకు అది మామూలు ఫోటోయే అవుతుంది, అందులో మీకు గాయమేదీ ఉండదు అని రాసి ఊరుకున్నాడు.