ఆడవాళ్ల క్షేమం కోరే పెద్దలు

ఫుట్‌బాల్ సంఘాల పెద్దలంతటి దయార్ద్ర హృదయులు మరే రంగంలోనూ కనిపించరు. ఆడవాళ్ల మోకాళ్లు, మర్యాద, నిక్కరు కొలతల గురించి వారు వందేళ్లుగా బెంగపడుతున్నారు. వారికి తగినన్ని కృతజ్ఞతలు అందలేదు. ఆ లోటు తీర్చడమే నా ఉద్దేశం.

1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో డిక్ కెర్ లేడీస్ జట్టు ఆట చూడటానికి సుమారు 53 వేల మంది వచ్చారు. లోపల చోటు లేక వేలమంది గేటు దగ్గర నుంచే వెనుదిరిగారు. వసూళ్లు దానధర్మాలకు వెళ్లాయి. ఇంతకన్నా అనర్థం ఉంటుందా? ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ మేల్కొంది. ఈ ఆట స్త్రీలకు బొత్తిగా తగదని తేల్చి, సభ్య క్లబ్బుల మైదానాల్లోకి వారిని రానివ్వవద్దంది. ఆ జట్టు పుట్టింది ప్రెస్టన్‌లోని ఆయుధ కర్మాగారంలో. యుద్ధకాలంలో ఫిరంగి గుండ్లు చేసిన చేతులవి. అప్పుడు మాత్రం వారి సౌకుమార్యం ఎవరికీ గుర్తు రాలేదు. గుండు పరవాలేదు, బంతే ప్రమాదం.

ఈ జాలి త్వరగానే దేశాలు దాటింది. స్త్రీ ప్రకృతికి పొసగని ఆటలు కూడదని 1941లో బ్రెజిల్ ఏకంగా చట్టమే చేసింది. 1955లో పశ్చిమ జర్మనీ సంఘానికి ఆడవాళ్ల దేహంతోపాటు ఆత్మ మీద కూడా బెంగ పట్టుకుంది. నిషేధాలు తొలగడానికి 1970 దశకం రావలసి వచ్చింది. తాళం తీసీ తీయగానే పెద్దలు ఎంతో అమాయకంగా అడిగారు: వీళ్ల ఆట ఎవరు చూస్తారు? 2022లో బార్సిలోనాలో ఒక్క మ్యాచ్‌కు 91,648 మంది వచ్చాక కూడా ఆ ప్రశ్న ఆరోగ్యంగానే ఉంది.

ప్రోత్సాహానికి లోటు లేదు. 1989లో యూరప్ విజేతలైన జర్మన్ మహిళలకు వారి సంఘం బహుమతిగా పువ్వుల బొమ్మల కాఫీ సెట్లు ఇచ్చింది. కప్పు గెలిచిన వారికి కప్పులే ఇచ్చారు, సాసర్లు అదనం. 1991లో మహిళల తొలి ప్రపంచకప్ పెట్టి మ్యాచ్‌లను 80 నిమిషాలకు కుదించారు. చివరి పది నిమిషాల్లో ఏ గండం పొంచి ఉందో మరి! 2004లో నాటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ ఇంకా లోతుగా ఆలోచించి, నిక్కర్లు బిగుతుగా ఉంటే బాగుంటుందని సెలవిచ్చారు.

2022 పురుషుల ప్రపంచకప్ బహుమతి నిధి 44 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది మహిళలది 11 కోట్లు. మిగతా 33 కోట్ల మాట ఎత్తకండి. ఆ లెక్కన సాసర్లు ఎన్ని వస్తాయో పెద్దలు ఇప్పటికే చూసి ఉంటారు.