మెడ మీద నలుపు మురికి కాదు

"ఊబకాయం ఎవరింటి గొడవ వాళ్లది. ఆశా, అంగన్‌వాడీ, బడి కలిసి చేసేదేమీ లేదు" అంటూ మొదలయ్యే ఆ మెసేజ్‌ని దయచేసి ఇక ఫార్వర్డ్ చేయకండి. అందులోని మాటలకు వరసగా జవాబిది.

"తేనె నిమ్మరసం కొవ్వు కరిగిస్తుంది." కరిగించదు. తేనె కూడా చక్కెరే.

"రాత్రి అన్నం మానేసి చపాతీ తినండి." బియ్యమైనా గోధుమపిండైనా 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలే. పెనం మీద పోసే నూనె అదనం.

"ఇంట్లో నోరు కట్టుకుంటే చాలు." 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువున్న ఆడవాళ్లు ఆంధ్రలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఇంతమందికీ ఒక్కసారే నోరు అదుపు తప్పిందంటారా? బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. దాన్ని ఏ తల్లి ఒక్కతే అమలు చేయగలదు? హెడ్‌మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ, పంచాయతీ కలిసి కొట్టువాడితో మాట్లాడాలి. ఇంటి వంతూ ఉంది: తలకు రోజుకు 25 గ్రాముల నూనె లెక్కన నలుగురికి నెలకు 3 కిలోలు చాలు. లీటరు ప్యాకెట్లు ఐదు ఖాళీ అవుతుంటే ఎక్కువ వాడుతున్నట్టే.

"బొద్దు పిల్లలు ఆరోగ్యవంతులు, ఎదిగితే వాళ్లే సన్నబడతారు." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. బడి వయసులో ఊబకాయం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాకా అలాగే ఉంటారు. మీ పిల్లాడి మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్‌లా ఉందేమో చూడండి. సున్నిపిండితో ఎంత రుద్దినా అది పోదు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. పదేళ్లు దాటిన పిల్లాడికి అలా ఉంటే షుగరు పరీక్ష చేయించాలి. అంతే తప్ప పస్తు పెట్టకూడదు. ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గించనక్కర్లేదు, పెరగకుండా నిలిపితే ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. అందుకు ఇంటిల్లిపాదీ ఒకే వంట తినాలి. పిల్లాడికి రాగి జావ పెట్టి, అన్న ఎదురుగా కూల్‌డ్రింకు తాగితే వారం కూడా నిలవదు.

దీన్ని మొదట పట్టుకోగలిగేది అంగన్‌వాడీ. నెలనెలా బరువు, ఎత్తు అక్కడ ఎక్కుతూనే ఉంటాయి. సన్నగా ఉన్న బిడ్డను పీహెచ్‌సీకి పంపినట్టే, ఎత్తుకు మించిన బరువున్న బిడ్డనూ పంపాలి. పెద్దవాళ్లకు ఆశా దగ్గర టేపు ఉంది. నడుము చుట్టుకొలతను కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక కొలవాలి. లంగా బొందు మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే బీపీ, షుగరు చూపించుకోవాలి.

"నలుగురిలో తూచి పిల్లల పరువు తీస్తున్నారు." ఇది మాత్రం నిజం. క్లాసులో వరసగా నిలబెట్టి బరువు పైకి చదివితే ఆ పిల్ల మరుసటి సారి తూచే రోజు బడికే రాదు. పక్క గదిలో తూచి, అంకె తల్లికి మాత్రమే చెప్పాలి. ఆ ఏర్పాటు లేని బడిలో తూచకపోవడమే మేలు.