దయచేసి విమానాన్ని ఎగరేయకండి

ఫోమ్ బోర్డ్‌తో రేడియో కంట్రోల్ విమానం తయారు చేయడం ఉత్తమమైన విద్య. దానికున్న లోపం ఒక్కటే. తయారయ్యాక ఎవరో ఒకరు దాన్ని ఎగరేస్తారు. ఈ దురలవాటు మానిపించకపోతే ఈ విద్యకు భవిష్యత్తు లేదని పూర్తి బాధ్యతతో హెచ్చరిస్తున్నాను.

బల్ల మీద ఉన్నంతసేపు విమానానికి ఏ లోటూ లేదు. 5 మిల్లీమీటర్ల మందం బోర్డు, రెండు పక్కలా కాగితం, మధ్యలో నురుగు. పై కాగితాన్నీ నురుగునూ కోసి అడుగు కాగితాన్ని వదిలేస్తే అదే కీలు. కోసిన అంచును 45 డిగ్రీల వాలుగా చెక్కితే ఎలివేటర్, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, హాయిగా ఆడుతుంది. బ్లేడు జారి అడుగు కాగితం కూడా తెగిందా? టేపు ఉంది. టేపుకు లొంగకపోతే గ్లూ గన్ ఉంది. ఆ రెండిటికీ లొంగనిదాన్ని సమస్యగా గుర్తించే ఆచారం ఈ రంగంలో లేదు.

గ్లూ గన్ జిగురు కొన్ని సెకన్లలో బిగుసుకుంటుంది. రెక్క వంకరగా అతికించామని గ్రహించడానికి అంతకంటే ఒక్క సెకను ఎక్కువ పడుతుంది. అయినా ఫర్వాలేదు, అలమారా మీద ఉండే విమానానికి వంకర రెక్క అందమే తెస్తుంది. ఆ వంకర గాలిలోకి వెళ్లినప్పుడే కదా విమానం తిరగబడేది!

సీజీ, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు, దాని సంగతి చూడండి. మామూలు రెక్కలున్న విమానానికి ఆ చోటు రెక్క ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం దూరంలో ఉండాలి. రెక్క కింద అటొక వేలు, ఇటొక వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, బ్యాటరీని అర అంగుళం ముందుకీ వెనక్కీ జరుపుతూ గంటసేపు గడిపేయవచ్చు. ముక్కు బరువైతే విమానం సరిగ్గా ఎగరదు, తోక బరువైతే ఒక్కసారే ఎగురుతుంది అని అనుభవజ్ఞుల మాట. రెండు ప్రమాదాల్లోనూ ముద్దాయి ఎగరడమే అని గమనించగలరు. ముక్కు, తోక పాపం అమాయకులు.

ఆఖరికి బ్యాటరీ పక్షమూ నాదే. లైపో బ్యాటరీని నిండా చార్జి చేసి రోజుల తరబడి అలాగే ఉంచితే పాడవుతుంది. భద్రంగా దాచాలంటే సెల్‌కు సుమారు 3.8 వోల్టుల దగ్గర ఆపాలి. ఎగరని రోజుల కోసం ప్రత్యేకంగా ఒక వోల్టేజీ ఉందంటే, పరిశ్రమ పెద్దలు కూడా నా సిద్ధాంతాన్ని లోలోపల ఒప్పుకున్నట్టే.

ఇక మైదానం. ఒకరు ట్రాన్స్‌మిటర్ పట్టుకుంటారు, ఇంకొకరు విమానాన్ని విసురుతారు. ట్రాన్స్‌మిటర్ మీది కర్రను కుడికి తోస్తే కుడి ఐలెరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలక, పైకి లేవాలి. విసరక ముందు చూసుకుంటే అరనిమిషం పని. విసిరాక చూసుకుంటే రెండు సెకన్లే, అందుకే చాలామంది రెండోదే ఎంచుకుంటారు. విమానం మన వైపు తిరిగి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క వాలుతుంటే కర్రను అటే తోయాలి అనే సూత్రం అందరికీ కంఠతా వచ్చు. ముక్కు మట్టిలో దిగాక తప్పకుండా గుర్తొస్తుంది కూడా.

దగ్గరికెళ్లి చూస్తే మోటార్ వెనక్కి, బ్యాటరీ ముందుకు వచ్చి నురుగు మధ్యలో కలుసుకుని ఉంటాయి. ప్రొపెల్లర్ సగమే ఉంటుంది. తోక దగ్గర పలకను కదిపే 9 గ్రాముల బుల్లి మోటారు, సర్వో, మాత్రం కుయ్ కుయ్ మంటూ ఇంకా ఆజ్ఞలు పాటిస్తూనే ఉంటుంది. అంత విధేయత చూస్తే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి.

పూర్వం పడిపోవడానికి కూడా గౌరవం ఉండేది. ఒకే చానెల్ మీద ఇంకొకరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే చాలు, పైనున్న విమానం దిక్కు తప్పేది, పైలట్ తలెత్తుకుని ఇంటికెళ్లేవాడు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి ఆ ఆసరా తీసేశాయి. రిసీవర్ ఇప్పుడు తనతో జత కలిపిన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. నింద మోయడానికి పాపం గాలి ఒక్కటే మిగిలింది.

రైట్ సోదరుల పేరెత్తి నన్ను ఎదిరించేవాళ్లున్నారు. వాళ్ల చరిత్రే చదవండి. 1903 డిసెంబర్ 17న మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. ఆ రోజే నాలుగోసారి 59 సెకన్లు. తర్వాత నేల మీద నిలబెట్టి ఉన్న విమానాన్ని ఈదురుగాలి దొర్లించి పాడు చేసింది. అది మళ్లీ ఎప్పుడూ ఎగరలేదు. అంటే ఎగరేయడమే కాదు, అసలు బయటికి తీసుకెళ్లడమే పొరపాటు. ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో పైకప్పు కింద క్షేమంగా ఉంది.

అయినా ఎగరేసి తీరతామనే మొండివాళ్లకు ఒకే ఒక్క షరతు మీద అనుమతి ఇవ్వవచ్చు. పడిపోయిన విమానం దగ్గరికి పరిగెత్తి, "ఏం కాలేదు, కాస్త టేపు వేస్తే చాలు" అనకూడదు. దీనికి ఒప్పుకున్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ ముందుకు రాలేదు కాబట్టి, నిషేధం తక్షణమే అమల్లోకి వచ్చినట్టు భావించాలి.