సవరణ: పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (మెయిన్ రౌటర్ నెట్‌నే వైఫైగా అందించే పెట్టెగా) వాడేటప్పుడు కేబుల్ ఏ పోర్టులో పెట్టాలి

పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు ఐపీ అడ్రస్‌లు, అంటే నెట్‌వర్క్‌లో గుర్తింపు నంబర్లు, పంచే సర్వీసు) ఆపేసి, మెయిన్ రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ను దాని వాన్ పోర్టులో (బయటి నెట్ లైన్ పెట్టేది) పెట్టమని ముందటి పోస్టులో ఉంది. అది తప్పు. కేబుల్ పెట్టాల్సింది లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలు తగిలించేది).

ఫోన్ ఐపీ అడ్రస్ కోసం పంపేది బ్రాడ్‌కాస్ట్, అంటే లోపలి నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి వెళ్లే సందేశం. అది వాన్ వైపు దాటదు. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆగిపోయింది, మెయిన్ రౌటర్‌కు ఆ అడిగిన సంగతే తెలియదు. ఇక ఫోన్ 'ఐపీ అడ్రస్ పొందుతోంది' దగ్గరే తిరుగుతుంది, విండోస్ ల్యాప్‌టాప్ 169.254తో మొదలయ్యే అడ్రస్ తనకు తానే పెట్టుకుంటుంది. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ మాత్రం రాదు.

వరస కూడా ముఖ్యమే. ముందు పాత రౌటర్ లాన్ ఐపీ మార్చండి: మెయిన్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2, అదీ మెయిన్ రౌటర్ పంచే అడ్రస్‌ల పరిధికి బయట ఉండాలి. తర్వాతే డీహెచ్‌సీపీ ఆపి కేబుల్ పెట్టండి. రెండూ 192.168.1.1 మీదే ఉంటే నెట్ వస్తూ పోతూ ఉంటుంది, కారణం పట్టుకోవడం మహా చిరాకు.

మెనూలో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటే ఈ తంటా అక్కర్లేదు, అదే ఎంచుకోండి. అందులో చాలా మోడళ్లకు వాన్ పోర్టు కూడా పనిచేస్తుంది.